కౌమార నవల: కొత్త పుస్తకాల పఠనం, నిరీక్షణ

పన్నెండు నుంచి పద్ధెనిమిదేళ్ల వయసు పాఠకులను దృష్టిలో పెట్టుకుని, ఆ వయసు పాత్రల అనుభవాన్ని ఆ పాత్రల వైపు నుంచే చెప్పే కథాసాహిత్యాన్ని ఇంగ్లీషులో ‘యంగ్ అడల్ట్ ఫిక్షన్’ అంటారు. పుస్తక వ్యాపారంలో దానికి ‘వైఎ’ అనే పొడి అక్షరాల పేరు స్థిరపడగా, తెలుగులో కౌమార సాహిత్యమనీ టీనేజ్ సాహిత్యమనీ వ్యవహరిస్తున్నారు. బాలసాహిత్యానికీ పెద్దల సాహిత్యానికీ నడుమ ఇది ప్రత్యేక శాఖగా గుర్తింపు పొందింది ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో, ప్రధానంగా అమెరికాలో. రాబోయే పుస్తకం కోసం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఎదురుచూడటం, ఆ వ్యవధిలో వెనకటి భాగాలను తిరిగి చదవటం, కథ ఎటు తిరుగుతుందోనని తోటి పాఠకులతో వాదించుకోవటం ఈ శాఖలో పఠనానికి అంతర్భాగాలయ్యాయి. ప్రచురణ సంస్థలు ఈ నిరీక్షణను పెంచి పోషించిన మాట నిజమే గాని, దాని మూలం పాఠకుల వయసులోనే ఉంది. పద్నాలుగేళ్ల అమ్మాయి ఒక నవల ముగించి, దాని తరువాయి భాగాన్ని మూడేళ్లకు అందుకుంటే, అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు వస్తాయి. నవలలోని నాయిక మాత్రం చాలాసార్లు కథ ఆగిన చోటే ఉంటుంది. నలభై ఏళ్ల పాఠకుడికి మూడేళ్లు పెద్ద లెక్కలోకి రావు, కౌమారంలో అవి మనిషినే మార్చేస్తాయి.

పూర్వరంగం

యువ పాఠకులను పిల్లల నుంచి వేరుచేసి చూసిన తొలి విమర్శకుల్లో ఇంగ్లండుకు చెందిన సారా ట్రిమ్మర్ ముఖ్యురాలు. 1802లో తాను ప్రారంభించిన ‘ది గార్డియన్ ఆఫ్ ఎడ్యుకేషన్’ పత్రికలో ఆమె పుస్తకాలను సమీక్షిస్తూ, పద్నాలుగేళ్ల లోపు వారిని పిల్లలుగానూ, పద్నాలుగు నుంచి ఇరవై ఒకటి వరకు ఉన్నవారిని యువజనులుగానూ విభజించింది. విభజన జరిగినా, యువజనుల కోసమే రాసే అలవాటు అప్పట్లో బలపడలేదు. పత్రికల్లో వచ్చే సీరియళ్లు, సాహస గాథలు, కుటుంబ కథలు ఆ లోటును కొంతవరకు తీర్చాయి. స్టీవెన్సన్ రాసిన ‘ట్రెజర్ ఐలండ్’ 1881-82లో ‘యంగ్ ఫోక్స్’ అనే కుర్రకారు పత్రికలో వారం వారం అచ్చయి, 1883లో పుస్తకరూపం పొందింది.

పాఠకుల ఎదురుచూపు రచనపై ఎంత ఒత్తిడి తేగలదో లూయీసా మే ఆల్కాట్ ‘లిటిల్ విమెన్’ చరిత్ర చూపిస్తుంది. బోస్టన్‌కు చెందిన రాబర్ట్స్ బ్రదర్స్ సంస్థ 1868లో మొదటి భాగాన్ని ప్రచురించగా, నలుగురు అక్కచెల్లెళ్లు ఎవరెవరిని పెళ్లాడతారో చెప్పమని, ముఖ్యంగా వారిలో ఒకరైన జోను పక్కింటి లారీకి ఇచ్చి చేయమని అమ్మాయిలు రచయిత్రికి ఉత్తరాలు రాశారు. ఆల్కాట్ 1869లో రెండో భాగం వెలువరించింది గాని, ఎవరినో మెప్పించడం కోసం జోను లారీకి కట్టబెట్టనని తీర్మానించుకుని, ఆ మాట నిలబెట్టుకుంది. పాఠకులు కోరినది ఇవ్వాలా, కథ కోరినది ఇవ్వాలా అనే చిక్కును ఆ తర్వాత దాదాపు ప్రతి సీరియల్ రచయితా ఎదుర్కొన్నాడు.

కౌమారం ప్రత్యేకమైన జీవితదశ అనే భావనకు మనస్తత్వ శాస్త్రవేత్త జి. స్టాన్లీ హాల్ 1904లో ప్రచురించిన ‘అడాలసెన్స్’ అనే బృహద్గ్రంథం శాస్త్రీయ ప్రతిపత్తి కల్పించింది. చదువుకునే వయసు పెరిగి, హైస్కూలు చదువు సర్వసాధారణమై, చేతిలో కాస్త డబ్బుండే కుర్రతనం ఒకటి తయారయ్యాక, 1940ల నాటికి అమెరికాలో ‘టీనేజర్’ అనే మాట వాడుకలో నిలదొక్కుకుంది. 1944లో ‘సెవెన్టీన్’ పత్రిక మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు, 1942లో, కాలేజీ చదువులో ఉన్న మౌరీన్ డేలీ ‘సెవెన్టీన్త్ సమ్మర్’ అనే ప్రేమకథ వెలువరించింది. పెద్దల నవలగానే విడుదలైనా దాన్ని తమదిగా చేసుకున్నది టీనేజ్ అమ్మాయిలు. 1951లో వచ్చిన శాలింజర్ ‘ది క్యాచర్ ఇన్ ద రై’ విషయంలోనూ ఇలాగే జరిగింది.

ఈ శాఖకు పునాది వేసిన వాళ్లలో గ్రంథపాలకుల పాత్ర రచయితల పాత్రకు ఏమాత్రం తీసిపోదు. బాల్టిమోర్‌లోని ఈనాక్ ప్రాట్ ఫ్రీ లైబ్రరీలో దశాబ్దాల పాటు పనిచేసిన మార్గరెట్ ఎడ్వర్డ్స్, టీనేజ్ పాఠకుల కోసం ప్రత్యేక సేవలు ఉండాలని పట్టుబట్టి సాధించిన వాళ్లలో అగ్రగణ్యురాలు. 1957లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఈ వయసువారి సేవలకే ఒక విభాగాన్ని ఏర్పరచింది. కొత్త నవల అచ్చయితే కొనేవాళ్లు ఉంటారన్న నమ్మకం ప్రచురణకర్తలకు మొదట కలిగించింది ఈ గ్రంథాలయాలే.

హింటన్ నుంచి బ్లూమ్ వరకు

1967లో వైకింగ్ సంస్థ ప్రచురించిన ‘ది అవుట్‌సైడర్స్’ను ఆధునిక కౌమార నవలకు ఆరంభంగా చాలామంది విమర్శకులు పరిగణిస్తారు. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరానికి చెందిన ఎస్.ఇ. హింటన్ దాన్ని హైస్కూల్లో చదువుతూ పదిహేనేళ్ల వయసులో రాయడం మొదలుపెట్టింది. పుస్తకం వెలువడేనాటికి ఆమెకు పద్ధెనిమిదేళ్లు. పేదింటి కుర్రాళ్ల ముఠాకూ కలిగినవారి ముఠాకూ మధ్య జరిగే ఘర్షణను ఒక మగపిల్లవాడు చెప్పే ఈ కథను ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు చిన్నచూపు చూస్తారన్న అనుమానంతో, ప్రచురణకర్తలు సుసాన్ ఎలొయిస్ అనే పూర్తి పేరుకు బదులు పొడి అక్షరాలే అట్ట మీద వేశారు. తన తోటివారి బతుకు తాను చదివే పుస్తకాల్లో ఎక్కడా కనిపించకపోవడమే ఆమెను రచనకు పురికొల్పింది. కౌమార సాహిత్యానికి జీవితకాల కృషి చేసినవారికి మార్గరెట్ ఎడ్వర్డ్స్ పేరిట 1988లో ఏర్పాటైన పురస్కారం తొలిసారి హింటన్‌కే దక్కింది.

ఆ తర్వాతి పదేళ్లలో వచ్చిన నవలలు గృహకలహాలు, మాదకద్రవ్యాలు, లైంగికత, మరణం వంటి విషయాలను దాపరికం లేకుండా చర్చించాయి. పాల్ జిండెల్ ‘ది పిగ్‌మ్యాన్’ (1968), జూడీ బ్లూమ్ ‘ఫరెవర్’ (1975) వీటిలో పేరెన్నికగన్నవి. రాబర్ట్ కార్మియర్ ‘ది చాకొలెట్ వార్’ (1974)లో స్కూలు యాజమాన్యమూ విద్యార్థుల రహస్య ముఠా కలిసి ఒంటరి కుర్రాడిని అణచివేయగా, అతడు చివరికి ఓడిపోతాడు. మంచివాడు గెలవాలన్న బాలసాహిత్య సంప్రదాయాన్ని ఇంత నిర్దయగా కాదన్న నవల అంతకుముందు ఈ శాఖలో అరుదు. ఈ పుస్తకాలన్నీ విడివిడి కథలు గనుక, వాటిని చదివినవారు రచయిత తర్వాతి రచన కోసం ఎదురుచూసేవారే తప్ప కథ కొనసాగింపు కోసం కాదు.

కొనసాగింపు కోసం ఎదురుచూపు మార్కెట్ పద్ధతిగా మారింది 1980ల పేపర్‌బ్యాక్ వరసలతో. ఫ్రాన్సిన్ పాస్కల్ రూపకల్పన చేసిన ‘స్వీట్ వ్యాలీ హై’ 1983లో మొదలై, వేర్వేరు రచయితల చేత రాయించిన సంపుటాలతో నెలనెలా వెలువడేది. పత్రిక కోసం ఎదురుచూసినట్టు పుస్తకం కోసం ఎదురుచూసే అలవాటును అది ఒక తరం అమ్మాయిలకు నేర్పింది. సాహిత్య విలువ దృష్ట్యా వీటి గురించి చెప్పుకోవలసింది స్వల్పం.

విడుదల ఒక ఉత్సవమైన కాలం

జె.కె. రౌలింగ్ ‘హ్యారీ పాటర్’ ఏడు సంపుటాలు పిల్లల నవలలుగా ఆరంభమై, నాయకుడి వయసుతో పాటు ముదిరి, కౌమార సాహిత్యపు అంచుల్లోకి ప్రవేశించాయి. లండన్‌లోని బ్లూమ్స్‌బరీ సంస్థ 1997 జూన్ 26న మొదటి సంపుటాన్ని 500 ప్రతులతో విడుదల చేసింది. దాని కోసం ఎదురుచూసినవారు లేరు. మూడో సంపుటం నాటికి పరిస్థితి ఎంత మారిందంటే, 1999 జులై 8న పిల్లలు బడి ఎగ్గొట్టి దుకాణాలకు పోకుండా, బ్రిటన్‌లో అమ్మకాలను బడి వదిలే వేళకు, అంటే మధ్యాహ్నం 3:45కు మొదలుపెట్టారు. 2000 జులై 8న నాలుగో సంపుటంతో అర్ధరాత్రి విడుదల ఆనవాయితీ అయింది. పెద్దల నవలల పట్టికలో ఈ పుస్తకాలే పై స్థానాలు ఆక్రమించడంతో, అదే నెలలో ‘న్యూయార్క్ టైమ్స్’ పిల్లల పుస్తకాలకు వేరే బెస్ట్‌సెల్లర్ పట్టికను ప్రవేశపెట్టింది.

నాలుగో సంపుటానికీ 2003 జూన్ 21న వచ్చిన అయిదో సంపుటానికీ మధ్య గడిచిన మూడేళ్లు నిరీక్షణ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. ఇంటర్నెట్ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న కాలం కావడంతో, పాఠకులు వెనకటి సంపుటాల్లోని చిన్నచిన్న వివరాలను పట్టుకుని సిద్ధాంతాలు అల్లారు. అదే పాత్రలతో తామే కథలు రాసుకున్నారు. మూల రచయిత సృష్టించిన పాత్రలతో అభిమానులు రాసే ఇలాంటి కథలను ‘ఫ్యాన్ ఫిక్షన్’ అంటారు. తర్వాతి కాలంలో పేరు తెచ్చుకున్న యువ రచయితల్లో కొందరికి అదే తొలి అభ్యాసం. ఒక పుస్తకం రావడం ఆలస్యమైతే దాని చుట్టూ ఇంత సూక్ష్మమైన పఠనం పెరగడం మామూలు విషయం కాదు. ఏ తరగతి గదిలోనూ అంత శ్రద్ధగా వాచకాన్ని పరిశీలించని పిల్లలు ఇక్కడ పాదసూచికలు రాసే పండితులయ్యారు.

చివరి సంపుటం 2007 జులై 21న వెలువడింది. అమెరికాలో మొదటి ముద్రణ కోటీ ఇరవై లక్షల ప్రతులు కాగా, తొలి 24 గంటల్లోనే 83 లక్షలు అమ్ముడయ్యాయి. విడుదలకు ముందే పేజీల ఫొటోలు ఇంటర్నెట్‌లో కనిపించడం, కొన్ని పత్రికలు సమీక్షలు ముందుగా ప్రచురించడం వివాదమయ్యాయి. లండన్‌లో అర్ధరాత్రి అంటే భారతదేశంలో తెల్లవారుజాము నాలుగున్నర. ఇక్కడి పెద్ద నగరాల్లో ఆ శనివారం ఉదయం పుస్తకాల దుకాణాలు మామూలు వేళ కంటే ముందే తలుపులు తెరిచాయి. ఈ వరసలోని మొదటి నవలకు తెలుగు అనువాదం కూడా ఉంది.

స్టెఫనీ మేయర్ ‘ట్వైలైట్’ (2005) వరస అర్ధరాత్రి విడుదల ఆనవాయితీని నిస్సందేహంగా టీనేజ్ పాఠకుల సొత్తు చేసింది. నాలుగో సంపుటం 2008 ఆగస్టు 2న విడుదలై, ఒక్క రోజులో అమెరికాలో 13 లక్షల ప్రతులు అమ్ముడైంది. మొదటి నవలనే నాయకుడి కోణం నుంచి తిరిగి చెప్పే ‘మిడ్‌నైట్ సన్’ చిత్తుప్రతి ఆ నెలలోనే బయటికి పొక్కగా, మేయర్ రచన ఆపివేసి, రాసినంత మేరకు తన వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. పూర్తి పుస్తకం 2020 ఆగస్టు దాకా రాలేదు. పన్నెండేళ్ల కిందట హైస్కూల్లో ఉన్న పాఠకులు దాన్ని పెద్దవాళ్లుగా కొనుక్కున్నారు.

సుజాన్ కాలిన్స్ ‘ది హంగర్ గేమ్స్’ (2008) నిరీక్షణకు మరో ముఖాన్ని చూపిస్తుంది. నియంతృత్వ రాజ్యంలో పిల్లల చేత పిల్లలను చంపించే వార్షిక క్రీడను చిత్రించే ఈ నవలాత్రయం 2010లో ముగిసింది. నియంతృత్వం, సర్వనాశనం వంటి భయంకర భవిష్యత్తును ఊహించే కథలను ‘డిస్టోపియా’ అంటారు. ఈ నవలలు దాన్ని దశాబ్దపు ప్రధాన ధోరణిగా చేశాయి. కాలిన్స్ 2020లో ఒకటి, 2025 మార్చి 18న ‘సన్‌రైజ్ ఆన్ ద రీపింగ్’ పేరుతో మరొకటి పూర్వకథలుగా ప్రచురించింది. రెండో పూర్వకథలో నాయకుడు హేమిచ్ యాభయ్యో క్రీడలో ఎలా గెలిచాడో 2009 నాటి నవలలోనే స్థూలంగా తెలిసిపోయినా, ఇంగ్లీషులో మొదటి వారంలోనే 15 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ముగింపు తెలిసిన కథ కోసం ఇంతమంది ఆత్రపడటాన్ని బట్టి చూస్తే, ఏం జరుగుతుందన్న కుతూహలం కంటే తమకు తెలిసిన మనిషి ఎలా విరిగిపోయాడో తెలుసుకోవాలన్న ఆర్తి బలమైనదని ఒప్పుకోవాలి. పురాణ కథలు ఎరిగిన తెలుగు పాఠకులకు ఇందులో వింత కనిపించదు.

అయినా ఎదురుచూపు ప్రతిసారీ ఫలించదు. వెరోనికా రాత్ ‘డైవర్జెంట్’ వరసలో మూడో సంపుటం ‘అలీజియంట్’ 2013 అక్టోబర్‌లో విడుదలైనప్పుడు, ముగింపులో నాయికకు పట్టిన గతిని జీర్ణించుకోలేక చాలామంది అభిమానులు బాహాటంగా ఆగ్రహించారు. ఫిలిప్ పుల్‌మన్ తన ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ను 2000లో ‘ది యాంబర్ స్పైగ్లాస్’తో ముగించి, అదే ప్రపంచానికి సంబంధించిన ‘ది బుక్ ఆఫ్ డస్ట్’ వరసను 2017లో మొదలుపెట్టి, 2025 అక్టోబర్‌లో పూర్తిచేశాడు. పదమూడేళ్ల వయసులో ‘స్పైగ్లాస్’ చదివినవారు చివరి మాట చదివేనాటికి ముప్ఫై ఎనిమిదేళ్లవారు. ఆస్ట్రేలియా రచయిత మార్కస్ జూసాక్ ‘ది బుక్ థీఫ్’ (2005) తర్వాతి నవల ‘బ్రిడ్జ్ ఆఫ్ క్లే’ కోసం తన పాఠకులను పదమూడేళ్లు ఎదురుచూడనిచ్చాడు. ‘ది బుక్ థీఫ్’ సొంత దేశంలో పెద్దల నవలగానూ, అమెరికాలో టీనేజ్ నవలగానూ విడుదలైందన్నది ఈ వర్గీకరణలు ఎంత వ్యవహారికమైనవో తెలిపే నిదర్శనం.

ముందస్తు ప్రతి, ముందస్తు కొనుగోలు

నవల రాతప్రతిని ప్రచురణ సంస్థ కొన్న తర్వాత పుస్తకం దుకాణం చేరడానికి సాధారణంగా ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. ఈ వ్యవధిలో మొదట ఒప్పందం ప్రకటన, తర్వాత పేరు, ఆ తర్వాత ముఖచిత్రం, చివరగా మొదటి అధ్యాయం బయటపెడుతూ పాఠకుల ఆసక్తిని విడతలవారీగా పెంచుతారు. ముఖచిత్రాన్ని నిర్ణీత రోజున ప్రత్యేకంగా ఆవిష్కరించడం ఈ శాఖలో బాగా పాతుకుపోయింది.

విడుదలకు కొన్ని నెలల ముందు తయారయ్యే ముందస్తు ప్రతిని ఇంగ్లీషులో ‘అడ్వాన్స్ రీడర్ కాపీ’ అనీ, ‘గ్యాలీ’ అనీ అంటారు. ఇది మెత్తని అట్టతో, చౌకగా అచ్చయిన పుస్తకం. తుది దిద్దుబాటు కాలేదనీ, అమ్మకానికి కాదనీ అట్ట మీదే అచ్చువేస్తారు. సమీక్షలో వాక్యాలు ఉదహరించేవారు తుది ప్రతితో సరిచూసుకోవాలని హెచ్చరిస్తారు. వెనక అట్ట మీద కథాసారంతో పాటు విడుదల తేదీ, ధర, ఏ వయసువారికి ఉద్దేశించినదీ, ప్రచారానికి ఏమేం చేయబోతున్నదీ కనిపిస్తాయి. పుస్తక విక్రేతలు, గ్రంథపాలకులు, ఉపాధ్యాయులు, సమీక్షకులు దీన్ని ముందుగా చదివి, ఎన్ని ప్రతులు తెప్పించాలో నిర్ణయించుకుంటారు. ‘కిర్కస్ రివ్యూస్’, ‘స్కూల్ లైబ్రరీ జర్నల్’, ‘బుక్‌లిస్ట్’ వంటి వృత్తిపత్రికలు వీటి ఆధారంగానే విడుదలకు ముందు సమీక్షలు వేసి, మేలైనవాటికి నక్షత్రం గుర్తు ఇస్తాయి. భారీ అంచనాలున్న నవలల విషయంలో మాత్రం కథ బయటికి పొక్కకుండా ముందస్తు ప్రతులే అచ్చు వేయకపోవడమూ ఉంది.

ఈ ఏర్పాట్లలో అన్నిటికంటే మెచ్చదగినది పిల్లల చేతికే ముందస్తు ప్రతి ఇవ్వడం. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లోని యువ పాఠకుల విభాగం, ఎంపికచేసిన గ్రంథాలయాల్లోని టీనేజ్ పఠన బృందాలకు ప్రచురణకర్తల నుంచి కొత్త పుస్తకాలు అందేలా చూస్తుంది. వాళ్లు ప్రతిపాదించిన పుస్తకాల నుంచి టీనేజర్లే ఓటువేసి ఏటా పది ఎంచుకుంటారు. బ్రిటన్‌లో బాల, యువ సాహిత్యానికిచ్చే కార్నెగీ పతకానికి తుది జాబితాలో నిలిచిన పుస్తకాలను బడి పిల్లల బృందాలు న్యాయనిర్ణేతలతో సమాంతరంగా చదివి తమ తీర్పు తాము చెప్పే పద్ధతి ఉంది. తమ కోసం రాసిన పుస్తకం మీద తమ మాటకు విలువ ఉందని తెలిసిన పాఠకుడు మరింత జాగ్రత్తగా చదువుతాడు.

విడుదలకు ముందే డబ్బు చెల్లించి ప్రతిని నమోదు చేసుకోవడం ప్రీఆర్డర్. ఇలా నెలల తరబడి పోగైన కొనుగోళ్లు విడుదలైన మొదటి వారపు అమ్మకాల్లో కలుస్తాయి గనుక, బెస్ట్‌సెల్లర్ పట్టికలో చోటు చాలావరకు వీటి మీద ఆధారపడుతుంది. జాన్ గ్రీన్ ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ (2012) మొదటి ముద్రణలోని లక్షా యాభై వేల ప్రతులన్నిటి మీదా సంతకం చేస్తానని ప్రకటించి, ఆ కాగితాలు స్వయంగా సంతకం చేసి పంపాడు. పుస్తకం పేరు ప్రకటించిన వెంటనే, విడుదలకు అర్ధసంవత్సరం ముందే, అది ఆన్‌లైన్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఇందులో రచయితకూ పాఠకులకూ మధ్య ఉన్న ఆత్మీయత నిజమైనదే. కానీ ఇలాంటి ప్రచార స్తోమత లేని తొలి నవల, ఎంత మంచిదైనా, మొదటి వారం గడిచేసరికి అరల్లో వెనక్కి పోతుంది. నిరీక్షణ చుట్టూ అల్లుకున్న వ్యాపారంలోని పెద్ద అన్యాయం ఇదే.

గ్రంథాలయాలు, ఆలస్యంగా పుస్తకాన్ని కనిపెట్టే పాఠకులు ఈ అన్యాయాన్ని కొంత సరిదిద్దుతారు. ఇ. లాక్‌హార్ట్ ‘వి వర్ లయర్స్’ 2014 నాటి పుస్తకం. 2020లో టిక్‌టాక్‌లో పాఠకులు చేసిన చిన్న వీడియోల వల్ల అది మళ్లీ అమ్మకాల పట్టికలకు ఎక్కింది.

వివాదాలు

ముందస్తు పఠనం నవలను విడుదలకు ముందే బోనులో నిలబెట్టగలదు. అమెలీ వెన్ ఝావో తొలి నవల ‘బ్లడ్ ఏర్’ ముందస్తు ప్రతుల్లో బానిసత్వాన్ని చిత్రించిన తీరు మీద విమర్శలు రాగా, 2019 జనవరిలో రచయిత్రి స్వయంగా ప్రచురణ నిలిపివేయమని కోరింది. తిరిగి చూసుకున్న ప్రతి అదే ఏడాది నవంబర్‌లో వెలువడింది. పూర్తి పుస్తకం చదవనివారు కూడా తీర్పులు చెప్పిన ఆ సందర్భంలో, విమర్శలోని న్యాయమూ తొందరపాటూ కలగలిసిపోయాయి.

దీనికి మించిన ప్రమాదం నిషేధాలది. జూడీ బ్లూమ్ ‘ఫరెవర్’ కాలం నుంచీ టీనేజ్ నవలలను బడి గ్రంథాలయాల నుంచి తొలగించాలన్న ఫిర్యాదులు ఉన్నవే. 2021 తర్వాత అమెరికాలో అవి వ్యవస్థీకృత ఉద్యమంగా మారాయి. 2023-24 విద్యాసంవత్సరంలో ప్రభుత్వ పాఠశాలల్లో 10,046 తొలగింపు ఉదంతాలను పెన్ అమెరికా సంస్థ నమోదు చేసింది. నల్లజాతి కుర్రాడిని పోలీసు కాల్చి చంపడాన్ని కళ్లారా చూసిన అమ్మాయి కథ, ఆంజీ థామస్ ‘ది హేట్ యు గివ్’ (2017), ఇలాంటి ఫిర్యాదులను పదేపదే ఎదుర్కొంది. ఆ నవలను కొనడానికి పదమూడు ప్రచురణ సంస్థలు వేలంలో పోటీపడ్డాయంటే, నల్లజాతి టీనేజర్లు తమ గురించిన కథ కోసం ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారో ఊహించవచ్చు. విభిన్న వర్గాల పిల్లలు తమను తాము పుస్తకాల్లో చూసుకునే వీలుండాలని కోరుతూ 2014లో మొదలైన ‘వి నీడ్ డైవర్స్ బుక్స్’ ఉద్యమం ఇలాంటి నవలలకు ఆదరణ పెరగడానికి దోహదం చేసింది.

పాఠకుల వయసు మరో చర్చనీయాంశం. కౌమార నవలలు కొనేవారిలో 55 శాతం పద్ధెనిమిదేళ్లు పైబడినవారేనని బౌకర్ సంస్థ 2012లో ప్రకటించింది. ఈ మొగ్గు పెరిగేకొద్దీ నవలల్లో పాత్రల వయసు పదిహేడు, పద్ధెనిమిది దగ్గర గుమిగూడి, పదమూడేళ్ల వారికి తగిన కథలు తగ్గిపోతున్నాయని గ్రంథపాలకులు వ్యక్తం చేస్తున్న ఆందోళన సహేతుకమైనది.

భారతదేశం, తెలుగు

భారతీయ ఇంగ్లీషు ప్రచురణలో కౌమార నవల 2000 తర్వాత గట్టిగా రూపుదిద్దుకుంది. రెండో ప్రపంచయుద్ధ కాలపు ఈశాన్య భారతాన్ని చిత్రించిన సిద్ధార్థ శర్మ ‘ది గ్రాస్‌హాపర్స్ రన్’ (2009), ఆడశిశువుల హత్యలు జరిగిన కుటుంబం గురించి రంజిత్ లాల్ రాసిన ‘ఫేసెస్ ఇన్ ద వాటర్’ (2010) దీనికి గౌరవం తెచ్చాయి. 2012లో అనుష్క రవిశంకర్, సయోనీ బసు ప్రారంభించిన డక్‌బిల్ సంస్థ టీనేజ్ నవలలకు ప్రత్యేక స్థానమిచ్చింది. ఆ సంస్థ 2019లో పెంగ్విన్ రాండమ్ హౌస్ ఇండియాలో చేరింది. సాహిత్య అకాడమీ 2010 నుంచి తెలుగుతో సహా అన్ని గుర్తింపు భాషల్లో బాలసాహిత్య పురస్కారాలు ఇస్తున్నా, అందులో కౌమార సాహిత్యానికి విడి విభాగం లేదు.

తెలుగులో ఎదురుచూస్తూ చదివే సంప్రదాయం ఇంగ్లీషు వైఎ కంటే ముందే బలంగా ఉంది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన ‘చందమామ’లో 1950ల మధ్య నుంచి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్లు, ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’ వంటివి, చిత్రకారుడు ‘చిత్రా’ వేసిన బొమ్మలతో నెలనెలా వచ్చి, నాయకుడిని ఏ మాంత్రికుడి ఎదుటో, ఏ లోయ అంచునో నిలబెట్టి ఆగిపోయేవి. పోస్టుమాన్ పత్రిక తెచ్చే రోజున ముందు ఎవరు చదవాలని అన్నదమ్ముల మధ్య తగవులు సర్వసాధారణం. పెద్ద పిల్లలు ఆ మెట్టు దాటాక నేరుగా పెద్దల పత్రికల్లోకి వెళ్లారు. ‘జ్యోతి’ మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’, ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియళ్లుగా వచ్చినప్పుడు వాటి కోసం కాచుకున్న వారిలో హైస్కూలు, కాలేజీ విద్యార్థులు తక్కువేమీ కాదు. పద్నాలుగేళ్ల వారికి అవి తమ వయసు కథలు కావు; అయినా ఇంట్లో అమ్మలూ అక్కలూ చదివే పత్రికల నుంచి అవే అందాయి.

నెలవారీ, వారపు సీరియళ్లు సన్నగిల్లడంతో ఆ ఎదురుచూపు తెలుగు పఠనంలో దాదాపు కనుమరుగైంది. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ, ఉత్తర అమెరికా తెలుగువారి సంస్థ తానాతో కలిసి పిల్లల పుస్తకాలూ నవలలూ వెలుగులోకి తేవడం ఇటీవలి దశాబ్దాల్లో జరిగిన మేలైన ప్రయత్నం. అయితే వాటిలో ఎక్కువ భాగం పన్నెండేళ్ల లోపు వారికి ఉపయోగపడేవే. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లోని ఇంగ్లీషు మీడియం పిల్లలూ, అమెరికాలో పెరుగుతున్న తెలుగు కుటుంబాల పిల్లలూ పదమూడో ఏట తెలుగు పఠనం నుంచి ఇంగ్లీషు వైఎలోకి జారిపోవడానికి భాషాభిమానం లోపించడం కంటే, ఆ వయసుకు తగిన తెలుగు నవల అరలో లేకపోవడం పెద్ద కారణం.

ఈ లోటు పూడ్చడానికి అవసరమైనవన్నీ తెలుగులో ఉన్నాయి: సీరియల్ రచనలో ఆరితేరిన సంప్రదాయం, పోటీలు నిర్వహించే సంస్థలు, జిల్లా గ్రంథాలయ సంస్థలు. పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ల వారి కోసం నెలకొక అధ్యాయం ప్రచురించే పత్రికా, ఆ వయసువారికి వేరే అర కేటాయించే గ్రంథాలయమూ, అచ్చుకు ముందు రాతప్రతిని పదిమంది విద్యార్థుల చేత చదివించి వారి మాట వినే ప్రచురణకర్తా ముందుకు రావలసి ఉంది.